అరవై రెండు శాతం దగ్గర హారతి

మనుషులు గ్లాసులు పగలగొడతారు, ఫోన్లు నీళ్ళ బకెట్లో పడేస్తారు, పెళ్ళికి పోయి వేరేవాళ్ళ చెప్పులు తొడుక్కుని ఇంటికొస్తారు. నేను అంత చిన్న పనులు చేసే మనిషిని కాదు. మూడు ఊళ్ళ జనం ఊపిరితిత్తులు, మోకాళ్ళు, వెన్నుపూసలు, మెదళ్ళు, మూడేళ్ళపాటు పోగైనవన్నీ ఒక్క పొద్దున పోగొట్టాను. అదీ ఊరికే కాదు, కొబ్బరికాయ కొట్టి, హారతిచ్చి, గంట వాయించి మరీ పోగొట్టాను. నవ్వండి, నవ్వడానికే రాస్తున్నాను. కాకపోతే మధ్యలో ఒక మనిషి వస్తాడు. వేములపల్లి దగ్గర ఒక తండా ఆయనది, పేరు రాములు నాయక్. ఆయన దగ్గరికి వచ్చేసరికి మీ నవ్వు ఆగిపోతే నన్ననకండి. నాది ఇప్పటికీ అక్కడే ఆగుతుంది.

అప్పటికి నాకు నలభై నిండలేదు. ఎమ్మెస్సీ కంప్యూటర్స్ చదివి, ఒక స్కానింగ్ సెంటర్‌లో కంప్యూటర్లన్నీ చూసుకునే ఉద్యోగంలో ఉన్నాను. సూర్యాపేటలో పెద్ద సెంటర్, కోదాడలో ఒకటి, మిర్యాలగూడలో ఒకటి. ఎక్కడ స్కాన్ తీసినా ఆ బొమ్మ వచ్చి సూర్యాపేటలో నా గదిలోని నల్ల పెట్టెలో పడుతుంది. బీరువా అంత పెట్టె, లోపల వరసగా డిస్కులు. ఆ డిస్కుల మీద పెత్తనం చేసే సాఫ్ట్‌వేర్ ఒకటి. ఏ బొమ్మ ఏ డిస్కులో ఏ మూలన ఉందో దానికే తెలుసు. ఆ సాఫ్ట్‌వేర్ మీద పెత్తనం నాది. నా మీద పెత్తనం చేసే మనిషి ఆ మూడు ఊళ్ళలో లేడు. ఉన్నాననుకున్న మా ఆయన పెళ్ళయిన రెండో నెలలోనే ఆ పదవికి రాజీనామా ఇచ్చాడు.

ఉద్యోగంలో నా మొదటి ఘనకార్యం ఫిల్ములు మాన్పించడం. మా దిక్కు స్కాన్ తీయించుకున్నవాళ్ళు ఆ నల్ల ఫిల్మును ఇంటికి తీసుకుపోయి, కవరుతో సహా గోడకు మేకు కొట్టి తగిలించుకుంటారు, తాత ఫొటో పక్కన. "బొమ్మలన్నీ పెట్టెలో భద్రంగా ఉంటే ఇంత పొడుగు షీట్లు అచ్చేసి ఇయ్యడమేంది?" అని మీటింగులో వాదించాను. ఎవరూ ఎదురు చెప్పలేదు. నాకు ఎదురు చెప్పడం వాళ్ళకు అప్పటికే అలవాటు తప్పింది. ఆ రోజు నుంచి రిపోర్టు కాగితం ఒక్కటే, ఫిల్ము లేదు.

ఒకరోజు పని మీద మిర్యాలగూడ సెంటర్‌కి పోతే, కౌంటర్ దగ్గర ఒకామె కదలకుండా నిలబడి ఉంది. పేరు ద్వాళి. ఆమె భర్తే రాములు నాయక్, వెనక బెంచీ మీద కూర్చుని తువ్వాల అడ్డం పెట్టుకుని దగ్గుతున్నాడు. ఆయన ఊపిరితిత్తిలో చిన్న మచ్చ కనిపించింది. డాక్టర్ గారు వాళ్ళకు చెప్పింది ఇదీ: ఇప్పుడేమీ చెయ్యొద్దు, ఆర్నెల్లాగి మళ్ళీ స్కాన్ తీసి, ఈ బొమ్మ పక్కన ఆ బొమ్మ పెట్టి చూద్దాం. మచ్చ అట్లాగే ఉంటే వదిలేద్దాం. పెరిగిందంటే మాత్రం ఒక్కరోజు ఆగకుండా హైదరాబాద్‌లో ఆపరేషన్.

"ఫొటో ఇయ్యి మేడమ్," అంది ద్వాళి.

"ఇప్పుడు ఫొటో ఇస్తలేమమ్మా. కంప్యూటర్ల ఉంటది."

"నీ కంప్యూటర్ల ఉంటే నాకేం ఎరుక? నా చేతుల ఉంటే నాకెరుక."

"నీ చేతుల ఉంటే వానకు తడుస్తది, ఎలుక కొరుకుతది. నా దగ్గర ఒక్కటి కాదు, రెండు కాపీలు ఉంటయి. ఒక డిస్కు కరాబైనా ఇంకోటి ఉంటది. సమజైందా?"

"నువ్వు నౌకరి ఇడిసిపెట్టి పోతే?"

"నేను పోతే పెట్టె ఉంటది."

"పెట్టె పోతే?"

"పెట్టె యాడికి పోతదమ్మా? దానికి కాళ్ళున్నయా?"

క్యూలో ఉన్నవాళ్ళు గొల్లున నవ్వారు. గెలిచానన్నమాట. నవ్వనిది ద్వాళి ఒక్కతే. "సరే మేడమ్, నువ్వే దాసిపెట్టు. ఆర్నెల్లకు వస్తం," అని భర్తను లేపుకుని వెళ్ళిపోయింది. నేను ఆ పూట క్యాంటీన్‌లో రెండు టీలు తాగాను. గెలిచిన రోజు నాకు రెండో టీ అలవాటు.

దసరా దగ్గర పడుతుండగా ఆ సాఫ్ట్‌వేర్‌కు కొత్త వెర్షన్ వచ్చింది. దాంతోపాటు ఒక పుస్తకం. ముందు భాగమంతా 'కొత్త సదుపాయాలు', వెనక భాగమంతా 'తెలిసిన సమస్యలు'. ముందు భాగం నేను కొత్త చీరల దుకాణంలో కూర్చున్నట్టు చదివాను. ఇది బాగుంది, అది బాగుంది, అన్నీ కట్టించండి. వెనక భాగం తిప్పనే లేదు. చీర కొనేటప్పుడు చిరుగులెక్కడున్నాయో అడిగి తెలుసుకునే రకం కాదు నేను.

కోదాడ సెంటర్‌లో ప్రసాద్ గారని ఉండేవాడు. నాకంటే పదేళ్ళు పెద్ద. మాటకు ముందు నమస్కారం, మాట చివర 'అండి'. ఆయన పుస్తకాలు వెనక అట్ట దాకా చదువుతాడు. ఫోన్ చేశాడు.

"మేడమ్, కొత్త వెర్షన్ పుస్తకం వెనక భాగం చూశారాండి?"

"ముందు భాగం చూసిన. చాలదా?"

"వెనక తెలిసిన సమస్యలని నలభై పేజీలున్నాయండి. అందులో పదిహేడోది మనకి కొంచెం..."

"ప్రసాద్ గారూ, ఆ సమస్యలు వాళ్ళకు తెలుసు గద?"

"తెలుసండి. తెలిసే రాశారు."

"తెలిసి కూడా బయటికి ఇడిసిన్రంటే అంత పెద్ద సమస్యలు కావన్నట్టే గద?"

"అలా కాదండీ, మనం జాగ్రత్తగా ఉండాలని..."

"మనం జాగ్రత్తగా ఉండేదుంటే కొత్త వెర్షన్ ఎందుకు?"

ప్రసాద్ గారి నిట్టూర్పు కోదాడలో బయలుదేరి, హైవే మీద సిమెంటు లారీలా బరువుగా సూర్యాపేట దాకా వచ్చింది.

నాకు నచ్చిన కొత్త సదుపాయం ఒకటుంది. పని ఆపకుండానే డిస్కుల్లో బొమ్మల అమరిక మార్చడం. మనం ఇంట్లో వంట చేసుకుంటుండగానే ఎవరో వచ్చి ఇల్లంతా కొత్తగా సర్దిపెట్టినట్టు. బొమ్మలు తొందరగా తెరుచుకుంటాయి, చోటు మిగులుతుంది. కాకపోతే సర్దడానికి పక్కన అంతే ఖాళీ జాగా కావాలంది. నా దగ్గర ఖాళీ ఎక్కడిది? ఉన్నదల్లా ద్వాళికి అంత గొప్పగా చెప్పిన రెండో కాపీ. 'నాలుగు రోజులే కదా, సర్దడమైపోగానే మళ్ళీ తీసుకుందాం' అనుకుని ఆ కాపీని చెరిపేసి ఆ డిస్కులు దానికిచ్చేశాను. సద్దుల బతుకమ్మకు ముందురోజు సర్దుడు మొదలైంది. స్క్రీన్ మీద ఆకుపచ్చ గీత ఒకటి నత్తలా పాకుతోంది. ఇరవై శాతం. నలభై. ఆడవాళ్ళమంతా బతుకమ్మ ఆడి వచ్చేసరికి యాభై.

ఆ మర్నాడు ఆయుధపూజ. మా సెంటర్‌లో ఆ రోజు పద్ధతి ఒకటే: అత్యవసరానికి ఒక ఎక్స్‌రే యంత్రం తప్ప మిగతా అన్నీ ఆపేస్తాం. తుడిచి, పసుపు రాసి, కుంకుమ పెట్టి, బంతిపూల దండేసి, ఒక గంటసేపు ముట్టుకోం. మా నాయనకు తుంగతుర్తిలో పిండి గిర్ని ఉండేది. ఆ రోజు కలెక్టర్ వచ్చి అడిగినా గుప్పెడు గోధుమలు పట్టేవాడు కాదు. ఏడాదంతా మన కోసం తిరిగిన యంత్రం ఒక్క పూట ఊపిరి పీల్చుకోవాలనేవాడు.

పొద్దున పది గంటలకు నేను పళ్ళెంలో గుమ్మడికాయ పెట్టుకుని నా గదిలోకి పోతుంటే ఫోన్. ప్రసాద్ గారు.

"మేడమ్, పెట్టె ఆపట్లేదు కదండీ?"

"ఎందుకాపం? ఆయుధపూజ గద."

"ఎంతవరకు వచ్చిందండి సర్దుడు?"

"అరవై రెండు శాతం."

"అయ్యో, ఆపకండి మేడమ్! ఆపాలంటే ముందు సాఫ్ట్‌వేర్‌లో విరామం అని నొక్కాలి. విరామం వచ్చిందని చూపించాక ఆపాలి. పదిహేడో సమస్యలో అదే రాశారండి. లేదంటే నడుస్తుండగానే బొట్టు పెట్టేయండి, దేవుడేం అనుకోడు."

నిజం చెప్తున్నాను, అప్పటిదాకా నాకు పూజల మీద పెద్ద పట్టింపు లేదు. గుడికి పోతే ప్రసాదం రుచి చూసి వచ్చే మనిషిని. కానీ ఆయన ఆపొద్దన్న క్షణంలో నా లోపల భక్తి కుక్కర్ విజిల్‌లా తన్నుకొచ్చింది.

"నడుస్తున్న యంత్రానికి బొట్టు పెడ్తరా ప్రసాద్ గారూ? మా నాయన గట్ల పెట్టుంటే చేతికి వేళ్ళు మిగిలేటియి కావు."

"అది గిర్నీ అండి. ఇది కంప్యూటరండి."

"అంటే మా ఆచారాలంటే మీకు లెక్కలేదు."

"అయ్యో, నేనూ ఇక్కడ నిమ్మకాయలు కోసే కూర్చున్నానండి. ఒక్క బటన్ నొక్కి ఆపమంటున్నానంతే..."

"మీ నిమ్మకాయలు మీరు చూస్కోండి. నా పెట్టె సంగతి నాకెరుక."

ఒక్క బటన్. చదువుతున్న మీకు అర్థమవుతోంది కదా? ఒక్క బటన్ నొక్కి నాలుగు నిమిషాలు నిలబడితే ఈ వ్యాసమే ఉండేది కాదు. కానీ ప్రసాద్ గారు చెప్పిన బటన్ నేను నొక్కడమా? స్విచ్చు కట్టేశాను. మూడేళ్ళుగా రాత్రీ పగలూ ఆ గదిలో మోగుతున్న ఫ్యాన్ల చప్పుడు ఒక్కసారిగా ఆగింది. అబ్బ, ఎంత ప్రశాంతంగా ఉందో! బొట్టు పెట్టాను, దండేశాను, కొబ్బరికాయ కొట్టాను. హారతి వెలుగులో ఆ పెట్టె కళ్ళు మూసుకున్నట్టుంది. భక్తితో అనుకున్నాను. స్పృహ పోయిందని తెలియదు.

గంట తర్వాత స్విచ్చు వేశాను. స్క్రీన్ మీద గీత లేదు, అరవై రెండు లేదు. రెండు బటన్లున్నాయి. ఒకటి 'పాత అమరికను వెతుకు', దాని పక్కన 'చాలా గంటలు పట్టవచ్చు' అని. రెండోది 'కొత్తగా మొదలుపెట్టు'. బయట కౌంటర్ దగ్గర జనం మూగి ఉన్నారు. పైగా పూజ చేసిన రోజు, కొత్తగా అనే మాట శుభంగా వినిపించింది. నొక్కాను. 'నిజంగానా?' అని అడిగింది. నన్ను ఎవరైనా నిజంగానా అని అడిగితే నా జవాబు ఎప్పుడూ ఒక్కటే. అదీ నొక్కాను.

ఠక్కున తెరుచుకుంది. అన్నీ ఆకుపచ్చ దీపాలు. డిస్కులన్నీ పూర్తిగా ఖాళీ అని చూపిస్తోంది. దసరాకు మా ఇల్లు కూడా ఎన్నడూ అంత శుభ్రంగా సర్దలేదు నేను.

సాఫ్ట్‌వేర్ కంపెనీవాళ్ళకు ఫోన్ చేస్తే కిరణ్ అనే ఇంజనీరు దొరికాడు. నా స్క్రీన్‌ను అక్కణ్ణుంచే చూస్తూ మాట్లాడాడు.

"మేడమ్, మీరేమైనా నొక్కారా?"

"నేనెందుకు నొక్కుత?"

"కొత్తగా మొదలుపెట్టమని పదకొండూ ఇరవైకి ఎవరో నొక్కినట్టు ఇక్కడ రాసుంది మేడమ్."

"ఎవరో నొక్కి ఉంటరు."

"ఆ టైములో గదిలో ఎవరెవరున్నారు మేడమ్?"

"నేను, గుమ్మడికాయ."

కిరణ్ అవతల పుస్తకం పేజీలు తిప్పుతున్న చప్పుడు వినిపించింది. పాపం, గుమ్మడికాయ మీద ఏం చర్య తీసుకోవాలో వాళ్ళ పుస్తకంలో రాసి ఉండదు.

"మేడమ్, బొమ్మలు ముక్కలుముక్కలుగా ఇంకా డిస్కుల్లోనే ఉన్నాయి. కానీ ఏ ముక్క ఎక్కడిదో చెప్పే పట్టిక చెరిగిపోయింది."

నా కళ్ళకు కట్టింది. ఫంక్షన్ హాలు బయట వెయ్యి జతల చెప్పులు కుప్ప పోసినట్టు. అన్నీ ఉన్నాయి. ఏదీ ఎవరిదో తెలియదు.

"పర్వాలేదు మేడమ్, రెండో కాపీ ఉంటుంది కదా, దాన్నుంచి తెచ్చుకుందాం."

నేను దండలోంచి జారిన బంతిపువ్వు తీసి మళ్ళీ పెట్టె మీద పెట్టాను.

"ఉంది కదా మేడమ్?"

నా జన్మలో మొదటిసారి, అడిగిన ప్రశ్నకు ఎదురు ప్రశ్న వెయ్యలేదు.

పదిహేను రోజులు వాళ్ళు తంటాలు పడి కొన్ని మోకాళ్ళు వెలికితీశారు. పేర్లు లేని మోకాళ్ళు. ఒక దవడ దొరికింది. కోదాడదో, మిర్యాలగూడదో, ఏ ఊరి మనిషిదో ఎవరికి తెలుసు? ఊపిరితిత్తులు ఒక్కటీ రాలేదు.

దసరా పోయిన మూడో వారంలో మిర్యాలగూడ సెంటర్‌కి ద్వాళి, రాములు నాయక్ వచ్చారు. చెప్పిన మాట ప్రకారం ఆర్నెల్లకు. కొత్త స్కాన్ తీశారు. డాక్టర్ గారు పాతది తెరవమన్నారు. నేనే స్వయంగా పోయి నిలబడ్డాను, ఇట్లాంటిది ఫోన్‌లో చెప్పే ధైర్యం లేక.

"పాత బొమ్మ లేదు సార్. రిపోర్టు కాగితంలో కొలత ఉంది గద, దాంతోని చూడండి," అన్నాను. చూశారా, అప్పుడు కూడా వాదనే.

డాక్టర్ గారు కళ్ళజోడు తీశారు. "అప్పుడు ఏడు మిల్లీమీటర్లని ఉంది. ఇప్పుడు తొమ్మిది వస్తుంది. ఒకే బొమ్మను నేనే రెండుసార్లు కొలిస్తే అంత తేడా వస్తది విజయగారూ. మచ్చ ఆకారం, అంచులు మారినయా లేదా అన్నది బొమ్మ పక్కన బొమ్మ పెడితేనే తెలుస్తది. ఈ రెండు మిల్లీమీటర్లు చూసి మనిషి ఛాతీ కోయమంటారా?"

"మరేం చేద్దాం సార్?"

"ఏం చేస్తం? ఇప్పుడు తీసిందే మొదటిదనుకుని మూడు నెలలు ఆగుదాం."

బయటికొచ్చి ద్వాళికి చెప్పాను. పూజ, స్విచ్చు, డిస్కులు, అన్నీ. ఆమె అంతా విని ఒకే మాటంది.

"అయితే కాళ్ళు వచ్చినయన్నట్టు మేడమ్, నీ పెట్టెకు."

క్యూలో జనం ఉన్నారు. ఈసారి ఎవరూ నవ్వలేదు. రాములు నాయక్ మాత్రం, "పోనీ తియ్యే, పండుగనాడు దేవునికి చేసిన పనేనాయె," అన్నాడు నా తరఫున. నా జీవితంలో నా తరఫున ఎవరైనా వాదిస్తే అంత బాధ కలగడం అదే మొదలు.

ఆ మూడు నెలలూ ప్రతి సోమవారం ద్వాళి ఫోన్ చేసేది.

"దొరికిందా మేడమ్?"

"ఇంకా లేదమ్మా."

"సరే."

అంతే, పెట్టేసేది. తిట్టదు. తిడితే నేను ఊరుకునేదాన్నా? కంపెనీదీ తప్పని, కరెంటుదీ తప్పని, గంటసేపు వాదించి గెలిచి రెండో టీ తాగేదాన్ని. ఆ 'సరే'కి ఏం జవాబివ్వాలో ఎమ్మెస్సీలో ఎవరూ నేర్పలేదు. కంపెనీవాళ్ళు వెతకడం మానేసి చాలా రోజులైందని కూడా ఆమెకు చెప్పలేకపోయాను.

మూడు నెలలకు మళ్ళీ స్కాన్. రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టారు. చూడ్డానికి డాక్టర్ కానక్కర్లేదు, నాకే తెలిసింది. మచ్చ పెరిగింది, అంచులు ముళ్ళ కంపలా విచ్చుకున్నాయి. అదే వారం హైదరాబాద్ తీసుకుపోయారు, ఆపరేషన్ చేశారు, కుడి ఊపిరితిత్తిలో సగానికి పైగా తీసేశారు. రాములు నాయక్ బతికాడు. పొలానికి పోతాడు, కాకపోతే కాలువ కట్ట ఎక్కేటప్పుడు రెండుసార్లు కూర్చుంటాడు. అంతకుముందు అదే కట్ట మీద వడ్ల బస్తా మోసుకుంటూ మాట్లాడుకుంటూ పోయేవాడట.

డాక్టర్ గారిని ఒకరోజు అడిగాను. "సార్, దసరాకే తెలిసి ఉంటే ఇంత కోసేవాళ్ళు కాదా?"

"తక్కువ కోసేవాళ్ళేమో. ఇంతే కోసేవాళ్ళేమో. అది చెప్పాలంటే ఆ పాత బొమ్మ ఉండాలి విజయగారూ."

మరుసటి ఏడు ఆ సాఫ్ట్‌వేర్‌కు ఇంకో వెర్షన్ వచ్చింది, ఇంకో పుస్తకం వచ్చింది. ఈసారి వెనక నుంచి మొదలుపెట్టాను. కోదాడ నుంచి ప్రసాద్ గారు ఫోన్‌లో ఉన్నారు. ఆయన దగ్గర ఒక ప్రతి, నా దగ్గర ఒక ప్రతి, ఇద్దరం పరీక్షకు ముందు పిల్లల్లా చదువుతున్నాం. తొమ్మిదో సమస్య దగ్గర ఆయన గొంతు ఆగింది. నేనూ చదివాను.

'కొన్ని ప్రాంతాలలో వినియోగదారులు పండుగ పూజ కోసం యంత్రాన్ని ఆపుచేస్తున్నట్లు మా దృష్టికి వచ్చింది. అమరిక మారుతున్న సమయంలో అలా చేయరాదు. ఫలితం: కొంత డేటా అందుబాటులో లేకపోవచ్చు. పరిష్కారం: లేదు.'

"మేడమ్," అన్నారు ప్రసాద్ గారు మెల్లగా. "ఇది మనమేనండి."

"మనం కాదు ప్రసాద్ గారూ. నేను."

అవతల ఆయన కుర్చీలోంచి పడ్డంత చప్పుడైంది. నా నోటి నుంచి అట్లాంటి మాట ఆయన వినడం అదే మొదలు. మా చుట్టాల్లో కలెక్టర్లైనవాళ్ళు ఉన్నారు, పేపర్లో ఫొటో పడినవాళ్ళు ఉన్నారు. ప్రపంచంలో ఆ సాఫ్ట్‌వేర్ వాడే ప్రతి దేశంలో అచ్చులోకెక్కింది మాత్రం మా వంశంలో నేనొక్కదాన్నే, అదీ తెలిసిన సమస్యగా. పేరు వెయ్యలేదు, మంచితనం. ఆ 'కొంత డేటా' అన్నచోట కూడా పేరు లేదు. ఆ పేరు నాకు తెలుసు. కుడి వైపు ఊపిరి ఎంత మిగిలిందో కూడా తెలుసు.

కాబట్టి పాఠక మహాశయులారా, ఎమ్మెస్సీ చదివిన నేను, పూర్తి స్పృహలో ఉండి, ఎవరి బలవంతమూ లేకుండా ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ యంత్రాన్నీ దాని పని సగంలో ఉండగా పూజించను. ఏ పుస్తకాన్నీ ముందు నుంచి చదవను. ఏ పెట్టె నన్ను నిజంగానా అని అడిగినా, కాదు తల్లీ, ఆగు, ప్రసాద్ గారిని అడిగొస్తానంటాను. ఫిల్ము అడిగినవాళ్ళకు అడిగినన్ని ఇస్తాను. వాదించడం మానేస్తానని మాత్రం ఒట్టు పెట్టలేను, అది నా వల్ల కాదు. ఒక్క రాములు నాయక్ సంగతిలో మాత్రం ఎవరు నన్ను ఎన్ని మాటలన్నా తిరిగి ఒక్క మాట అనను.

ఆ ప్రమాణం ఇప్పటిదాకా తప్పలేదు. ఎందుకంటే ఇప్పటిదాకా నన్నెవరూ ఒక్క మాటా అనలేదు.